షార్ట్‌స్టాప్‌లో ఎవరిని నిలబెట్టాలి?

(కోనసీమలో పిల్లల బేస్‌బాల్ జట్లను తయారుచేస్తున్న వ్యాయామ ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల కోసం అమలాపురంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనుక వరసలో ఉన్నవారికి వినిపిస్తోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంటే చెప్పండి, గొంతు పెంచుతాను. మొదట ఒక ప్రశ్న. ఈ నెలలో మీలో ఎంతమంది నాకు ఫోను చేసి, “మా జట్టులో షార్ట్‌స్టాప్‌గా ఎవరిని పెట్టమంటారు?” అని అడిగారు? చేతులెత్తండి. చూశారా, సగం మంది ఉన్నారు.

కొత్తవారి కోసం: షార్ట్‌స్టాప్ అంటే సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడి బంతి ఆపేవాడు. ఆ ప్రశ్నకు నేను ఫోనులో జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. ఎవరిని ఎక్కడ నిలబెట్టాలో మొదటి రోజు మీరు నిర్ణయించనక్కరలేదు. మీ సాధన నిర్ణయిస్తుంది. సాధన సరిగ్గా నడిస్తే మూడు నాలుగు వారాల్లో ఆ అబ్బాయి ఎవరో, ఆ అమ్మాయి ఎవరో మైదానమే చూపిస్తుంది. సాధన సరిగ్గా నడవకపోతే మీరు ఎవరిని నిలబెట్టినా అది ఊహే. అందుకని స్థానాల గురించి మాట్లాడుతూ మాటిమాటికీ సాధన దగ్గరికే వస్తాను. విసుగు పడకండి.

ఈ ఆటను ఇప్పుడిప్పుడే చూస్తున్న తల్లిదండ్రులు ఉన్నారు కాబట్టి రెండు మాటలు. నాలుగు బేస్‌లు, ఒక చతురస్రం. దాన్ని మూల మీద నిలబెట్టినట్టు ఊహించుకోండి. కింది మూల హోమ్, అక్కడే బ్యాటర్ నిలబడతాడు. అతని కుడివైపు మూల ఫస్ట్ బేస్, ఎదురుగా సెకండ్, ఎడమవైపు థర్డ్. ఈ చతురస్రం చుట్టుపక్కల ఆడేవారే ఇన్‌ఫీల్డర్లు. వాళ్ల వెనక, దూరంగా నిలబడేవారిని ‘బయట’ ఆడేవారు అంటాను. హోమ్ వెనుక కూర్చుని బంతి అందుకునేవాడు క్యాచర్. పెద్దల ఆటలో బేస్‌కీ బేస్‌కీ మధ్య 90 అడుగులు. అమెరికాలో లిటిల్ లీగ్ పేరుతో పన్నెండేళ్ల లోపు పిల్లలు ఆడే మైదానంలో 60 అడుగులు. మన పిల్లలకు 60 చాలు. బ్యాటర్‌కు బంతి విసిరే పిచ్చర్‌కీ హోమ్‌కీ మధ్య 46 అడుగులు చాలు. దయచేసి పెద్ద మైదానం కొలతలతో పిల్లలను ఆడించకండి. పదకొండేళ్ల పిల్లవాడు థర్డ్ నుంచి ఫస్ట్‌కు 127 అడుగులు విసరాలంటే భుజం పాడవుతుంది. 60 అడుగుల చతురస్రంలో అదే దూరం 84 అడుగుల 10 అంగుళాలు.

ఈ 84 అడుగుల 10 అంగుళాలను గుర్తుపెట్టుకోండి. మైదానం గీసేటప్పుడు పనికొస్తుంది. నాలుగు వైపులా 60 అడుగులు కొలిచినంత మాత్రాన చతురస్రం కాదు, పక్కకు ఒరిగిపోవచ్చు. హోమ్ నుంచి సెకండ్‌కు, ఫస్ట్ నుంచి థర్డ్‌కు కొలిచి రెండూ సమానంగా వచ్చాయా అని చూడాలి. కొబ్బరి తాడుతో కొలవకండి. మనకు చేతిలో ఉండేది అదే, నిజమే, కానీ లాగిన కొద్దీ సాగుతుంది. తాపీమేస్త్రి దగ్గర ఉండే టేపు తెచ్చుకోండి.

ఇక స్థానాలు. సాధారణంగా మనం ఎలా ఎంచుతాం? పొడుగ్గా ఉన్నవాడు ఫస్ట్ బేస్. క్రికెట్‌లో వేగంగా బంతి వేసేవాడు పిచ్చర్. లావుగా ఉన్నవాడు క్యాచర్. చురుగ్గా కనిపించేవాడు షార్ట్‌స్టాప్. మిగిలినవాళ్లు బయట. పది నిమిషాల్లో జట్టు తయారు! మొదట్లో నేనూ అలాగే చేశాను. జట్టులో అందరికన్నా పొడుగైన అబ్బాయిని ఫస్ట్ బేస్‌లో నిలబెట్టాను. చేతులు పొడుగు, అందుకుంటాడు అనుకున్నాను. బంతి వస్తుంటే వాడు మొహం పక్కకు తిప్పుకునేవాడు. నేను గమనించలేదు. గమనించడానికి వాడికి నేను ఎన్ని బంతులు విసిరాను? ఆ వారంలో పది కూడా విసరలేదు. ఒక రోజు థర్డ్ నుంచి వచ్చిన బంతి తిన్నగా వాడి ఛాతీకి తగిలింది. రెండు వారాలు మైదానానికి రాలేదు. తప్పు నాది, వాడిది కాదు. ఎత్తు చూసి నిలబెట్టాను, కన్ను చూడలేదు.

మరి ఏమి చూడాలి? నేను రెండే చూస్తాను. ఒకటి, బంతి బ్యాట్‌కు తగిలిన క్షణంలో పాదాలు. రెండు, బంతి జారిపోయిన తర్వాతి క్షణం.

పాదాల సంగతి చెబుతాను. నేల మీద దొర్లుతూ వచ్చే బంతిని ఆపడానికి మన పిల్లలు ఏం చేస్తారు? నడుం వంచుతారు. ఊడ్పుల సమయంలో చేలో నారు నాటేవారిని చూడండి, కాళ్లు నిటారుగా ఉంటాయి, నడుం వంగి ఉంటుంది. నాట్లకు అది సరే. ఇక్కడ అలా వంగితే పక్కకు కదలలేరు. ఇక్కడ కావలసింది కబడ్డీ ఆటగాడి వంపు. కూతకు వచ్చినవాణ్ణి పట్టడానికి మూల మీద నిలబడ్డవాడు ఎలా ఉంటాడు? మోకాళ్లు వంచి, పిరుదులు దించి, మునివేళ్ల మీద బరువు వేసి, రెండు చేతులూ ముందుకు చాచి. ఎటు దూకినా దూకగలడు. సరిగ్గా అదే ఇన్‌ఫీల్డర్ నిలబడవలసిన తీరు. సంక్రాంతికి ప్రతి ఊళ్లో కబడ్డీ ఆడే ప్రాంతం మనది. ఆ పిల్లలను తీసుకురండి. ఖో-ఖో ఆడే ఆడపిల్లలను తీసుకురండి, వంగి పరుగెత్తుతూ దిశ మార్చడం వాళ్లకు ముందే వచ్చు. క్రికెట్ పిల్లలు మంచివాళ్లే, కానీ వాళ్లకు ఒక అలవాటు మాన్పించాలి. బంతి ఆపడానికి ఒక మోకాలు నేలకు ఆనిస్తారు. క్రికెట్‌లో అది మంచి పద్ధతి, బంతి వెనక్కి పోదు. ఇక్కడ బంతి ఆపితే సరిపోదు, బ్యాటర్ చేరేలోపే ఫస్ట్ బేస్‌కు విసరాలి, అప్పుడే వాడు అవుట్. బంతి కొట్టిన బ్యాటర్ పరుగెత్తి తీరాలి కదా, క్రికెట్‌లోలా ఆగిపోవడం కుదరదు. మోకాలు నేల మీద నుంచి లేచేసరికి వాడు ఫస్ట్ బేస్‌లో ఉంటాడు.

రెండోది, జారిపోయిన తర్వాత. బంతి గ్లవ్ కింద నుంచి పోయింది. ఒక పిల్లవాడు గ్లవ్ వంక చూసుకుంటాడు. ఇంకొకడు నేల వంక చూస్తాడు, రాయి ఉందన్నట్టు. మరొకడు నా వంక చూస్తాడు, తిడతానేమోనని. ఇంకొకడు ఎవరి వంకా చూడడు, వెనక్కి తిరిగి బంతి కోసం పరుగెడతాడు. నా షార్ట్‌స్టాప్ వాడే. ఎందుకంటే ఆ స్థానానికే ఎక్కువ బంతులు వస్తాయి. బ్యాటర్లలో ఎక్కువమంది కుడిచేతివాళ్లు, వాళ్లు గట్టిగా కొట్టిన బంతి వాళ్ల ఎడమవైపుకే ఎక్కువగా దొర్లుతుంది, సెకండ్‌కూ థర్డ్‌కూ మధ్యకు. ఎక్కువ బంతులు వచ్చేచోట ఎక్కువ తప్పులూ జరుగుతాయి. తప్పును మోసుకుంటూ నిలబడే పిల్లవాణ్ణి అక్కడ పెడితే వాడికి నరకం. ఆ పిల్లవాడు చెడ్డ ఆటగాడని కాదు నేను చెప్పేది. ఇంకొక చోట నిలబెట్టి, ధైర్యం వచ్చాక తీసుకురండి.

నా వంక చూసిన పిల్లవాడి గురించి ఒక మాట. అది వాడి లోపమా? ముందు ఎవరో తిట్టి ఉంటారు. నేనే కావచ్చు. అలా చూసే పిల్లలు జట్టులో ఎక్కువగా ఉంటే, మార్చవలసింది పిల్లలను కాదు.

థర్డ్ బేస్ గురించి త్వరగా చెప్పేస్తాను. బంతి అక్కడికి చాలా త్వరగా, చాలా గట్టిగా వస్తుంది. ఆలోచించడానికి సమయం ఉండదు. మొహం తిప్పుకోని పిల్లవాడు, దూరం విసరగలిగిన చేయి. అంతే.

సెకండ్ బేస్ దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మనవాళ్లు అక్కడ బలహీనమైన పిల్లలను నిలబెడతారు. ఫస్ట్‌కు దగ్గర కదా, చిన్న చేయి చాలు అంటారు. చిన్న చేయి చాలు, నిజమే. కానీ చిన్న బుర్ర చాలదు. బ్యాటర్ బంతిని మెల్లగా తట్టి పరుగెత్తితే ఫస్ట్ బేస్ ఆటగాడు ముందుకు వస్తాడు, అప్పుడు ఫస్ట్ బేస్‌ను ఎవరు కాపాడాలి? సెకండ్ బేస్ ఆటగాడు. బంతి బయటకు దూరంగా పోతే మధ్యలో నిలబడి అందుకుని లోపలికి పంపేది ఎవరు? కుడివైపు పోతే మళ్లీ సెకండ్ బేస్ ఆటగాడే. బంతి తన దగ్గరికి రాని ప్రతిసారీ ఆ పిల్లవాడికి ఒక పని ఉంటుంది. మా జట్టులో పన్నెండేళ్ల అమ్మాయి ఒకతె ఉంది. సన్నగా, పొట్టిగా ఉంటుంది, చేయి బలం తక్కువ. మొదట రెండు వారాలు బయట నిలబెట్టాం. ఒక రోజు గమనిస్తే, బయట నిలబడి లోపలివాళ్లందరికీ ఎవరు ఎక్కడికి వెళ్లాలో ఆ అమ్మాయే చెబుతోంది! ఆ మాటలు విని సెకండ్ బేస్‌కు తెచ్చాం. ఇప్పుడు జట్టు ఆ అమ్మాయి గొంతు మీద నడుస్తోంది.

ఫస్ట్ బేస్. మీ జట్టులో పుర్రచేతి వాటం పిల్లలు ఉన్నారా? ఉంటారు, చూడండి. ఇంట్లో చిన్నప్పటి నుంచి “ఆ చేత్తో కాదు, ఈ చేత్తో” అని మాన్పించి ఉంటారు, కాబట్టి అడిగితే కుడిచేతివాణ్ణే అంటారు. ఒక గులకరాయి ఇచ్చి కాలువలోకి విసరమనండి. ఏ చేత్తో విసిరితే అదే వాడి చేయి. షార్ట్‌స్టాప్, సెకండ్, థర్డ్ స్థానాల్లో ఎడమచేత్తో విసిరేవారికి కష్టం. ఫస్ట్‌కు విసరాలంటే శరీరమంతా తిప్పుకోవాలి. కానీ ఫస్ట్ బేస్‌లో వాళ్లకే సుఖం. గ్లవ్ కుడిచేతికి ఉంటుంది, మైదానం వైపు తెరుచుకుని ఉంటుంది, బంతి అందుకుని తిరగకుండానే సెకండ్‌కు విసరవచ్చు. ఇక్కడ మీరు చేయవలసింది ఒక్కటే, ఎడమచేతివాళ్ల కోసం ఒక గ్లవ్ కొనండి. గ్లవ్‌లన్నీ ఒకే రకంవి కొని, పుర్రచేతి పిల్లవాడికి కూడా ఎడమచేతికే తొడిగి, కుడిచేత్తో విసరమనడం చూశాను. వాడికి ఆట రాదని అందరూ నమ్మారు, వాడు కూడా నమ్మాడు.

స్థానం ఒకసారి ఇస్తే శాశ్వతమా? కాదు. జాకీ రాబిన్సన్ పేరు విన్నారా? 1947లో అమెరికా మేజర్ లీగ్‌లో, దశాబ్దాలుగా నల్లవారిని రానివ్వని చోట, అడుగుపెట్టినవాడు. ఆ సంవత్సరం బ్రూక్లిన్ డాడ్జర్స్ ఆయన్ను ఫస్ట్ బేస్‌లో ఆడించింది. ఆయనకు అలవాటైన స్థానం కాదది. ఆ తర్వాత సెకండ్ బేస్‌కు మారి, 1949లో నేషనల్ లీగ్ అత్యుత్తమ ఆటగాడయ్యారు. బాల్టిమోర్ ఓరియోల్స్ ఆటగాడు కాల్ రిప్కెన్ ఆరడుగుల నాలుగు అంగుళాల మనిషి. అంత పొడుగువాడు షార్ట్‌స్టాప్‌కు పనికిరాడని ఆ రోజుల్లో చాలామంది అనేవారు. 1982లో ఆయన మేనేజరు ఎర్ల్ వీవర్ థర్డ్ నుంచి షార్ట్‌స్టాప్‌కు మార్చారు. ఆ ఏడాది మొదలైన వరస 1998 దాకా తెగలేదు, 2,632 ఆటలు ఒక్కటీ మానకుండా ఆడారు. ఇంత పెద్ద ఆటగాళ్లకే స్థానాలు మారాయి. మన పదేళ్ల పిల్లవాడికి మొదటి ఆదివారమే ముద్ర వేసేస్తామా?

ఇప్పుడు అసలు విషయం, సాధన. ఒక లెక్క చెబుతాను, రాసుకునేవారు రాసుకోండి. పన్నెండు మంది పిల్లలను వరసలో నిలబెట్టారు. మీరు బ్యాట్‌తో ఒక్కొక్కరికి నేలబంతి కొడుతున్నారు. కొట్టడం, ఆపడం, తిరిగి విసరడం కలిపి ఇరవై సెకన్లు. ఇరవై నిమిషాలకు ఎన్ని బంతులు? అరవై. మనిషికి ఎన్ని? ఐదు. ఐదు బంతుల కోసం పిల్లవాడు ఇరవై నిమిషాలు ఎండలో నిలబడ్డాడు. ఇప్పుడు అదే పన్నెండు మందిని ఆరు జంటలు చేయండి. ఎదురెదురుగా ఐదారు గజాల దూరం. ఒకరు చేత్తో దొర్లిస్తారు, ఒకరు ఆపి తిరిగి ఇస్తారు. పది సెకన్లకు ఒకటి. ఇరవై నిమిషాల్లో జంటకు నూట ఇరవై, సగం సేపటికి పాత్రలు మార్చుకుంటే మనిషికి అరవై. ఐదెక్కడ, అరవై ఎక్కడ! బ్యాట్ అక్కరలేదు, పెద్ద మైదానం అక్కరలేదు. ఆ అరవైలో ఎవరి పాదాలు కదులుతున్నాయో, ఎవరు మొహం తిప్పుతున్నారో మీరు మెల్లగా నడుస్తూ చూడవచ్చు. స్థానాన్ని సాధన నిర్ణయిస్తుందని మొదట్లో అన్నాను కదా, ఎలాగో ఇప్పుడు తెలిసిందా? ఐదు బంతుల్లో ఏ పిల్లవాడూ తెలియడు.

మన నేల సంగతి కూడా మాట్లాడాలి. డెల్టా నల్లమట్టి. తడిస్తే అడుసు, ఎండితే నెర్రెలు. నెర్రెలిచ్చిన నేల మీద బంతి ఎటు ఎగురుతుందో ఎవరికీ తెలియదు. అలాంటి చోట గట్టి బంతితో మొదలుపెడితే పిల్లలు నేర్చుకునేది భయమే. దాళ్వా కోతలయ్యాక కొయ్యకాళ్లున్న చేలో అసలే ఆడించకండి. మొదటి నెల టెన్నిస్ బంతితో ఆడించండి. ధాన్యం ఆరబెట్టే సిమెంటు కళ్లం ఉంటే, రైతులను అడిగి, ధాన్యం లేని రోజుల్లో ఉదయం ఒక గంట వాడుకోండి. సిమెంటు మీద బంతి అబద్ధమాడదు, తిన్నగా వస్తుంది. పిల్లవాడికి తన గ్లవ్ మీద నమ్మకం కలుగుతుంది. వానాకాలంలో బడి వరండా, ఒక గోడ చాలు. ఆ తర్వాతే మట్టి మైదానం. దానికైనా బేస్‌ల మధ్య నడిచే దారిలో నెర్రెలు పూడ్చి, ఇసుక కలిపి, నీళ్లు చల్లి, రోలరు తిప్పండి. ఆ పని పిల్లల చేత కూడా చేయించండి.

విసరడం. మన పిల్లలు చేత్తో విసురుతారు. చేత్తో కాక మరి దేనితో అంటారా? గోదావరి పాయలో విసురువల వేసే మనిషిని చూశారు కదా. చేయి మాత్రమే వాడితే ఆ బరువైన వల విచ్చుకుంటుందా? ముందు కాళ్లు కుదురుకుంటాయి, నడుం తిరుగుతుంది, భుజం వస్తుంది, చివరన చేయి. బంతికీ అదే క్రమం. పిల్లలను ఒక రోజు రేవుకు తీసుకెళ్లి వల వేయడం చూపించండి. నేను తీసుకెళ్లాను. నెల రోజులు నోటితో చెప్పినా రానిది అరగంటలో అర్థమైంది.

గంటన్నర సాధనను నేను ఎలా నడుపుతానో చెబుతాను, మీ వీలునుబట్టి మార్చుకోండి. మొదటి పది నిమిషాలు బేస్‌ల చుట్టూ పరుగు, ఫస్ట్ బేస్‌ను ఆగకుండా దాటిపోవడం నేర్పుతూ. పదిహేను నిమిషాలు జంటలుగా విసరడం, దగ్గరగా మొదలుపెట్టి దూరం పెంచుతూ. తర్వాత అరగంట నాలుగు చోట్ల నాలుగు పనులు: ఒకచోట దొర్లే బంతి, ఒకచోట పైకి లేచిన బంతి, ఒకచోట ఫస్ట్ బేస్ మీద కాలు ఉంచి అందుకోవడం, ఒకచోట బ్యాటింగ్. ముగ్గురేసి పిల్లలు, ఏడు నిమిషాలకోసారి మార్పు. బ్యాటింగ్ దగ్గర మాత్రం ఒక పెద్దమనిషి తప్పక ఉండాలి. హెల్మెట్ లేకుండా ఎవరూ బ్యాట్ పట్టకూడదు, ఊపేవాడికి దగ్గరలో ఎవరూ నిలబడకూడదు. ఇందులో మినహాయింపు లేదు. మిగిలిన సమయం ఆట. పిల్లలు ఆడటానికే వచ్చారు కదా! ఆ ఆటలో ప్రతి రెండు ఇన్నింగ్స్‌కూ స్థానాలు మార్చండి. నెల రోజుల్లో ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ ఇన్‌ఫీల్డ్‌లో కనీసం రెండు చోట్ల నిలబడాలి. ఒక నోటుపుస్తకంలో రాసుకోండి: ఎవరు, ఎక్కడ, ఎన్ని వచ్చాయి, ఎన్ని ఆపారు, తర్వాత ఏం చేశారు.

బంతి పైకి లేచినప్పుడు ఇద్దరు పిల్లలు దాని కిందకు పరుగెత్తి గుద్దుకోవడం మీరు చూసే ఉంటారు. “నాది” అని గట్టిగా, మూడుసార్లు అరవాలి. అరవని క్యాచ్ మా సాధనలో లెక్కలోకి రాదు. బడిలో మాట్లాడవద్దంటే విని పెరిగిన పిల్లలు, అరవడానికి సిగ్గుపడతారు. కబడ్డీ కూత పెట్టించి అలవాటు చేయండి.

చేతుల గురించి తల్లిదండ్రులు జాగ్రత్తగా వినండి. లిటిల్ లీగ్ నియమాల్లో పదకొండు, పన్నెండేళ్ల పిచ్చర్‌కు రోజుకు 85 బంతులు దాటకూడదు. తొమ్మిది, పదేళ్లవారికి 75. అరవై ఆరు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి. ఒకే రోజు 41 గానీ అంతకన్నా ఎక్కువ గానీ బంతులు వేసినవాడు ఆ రోజు క్యాచర్‌గా నిలబడకూడదు. మనకు ఇంకొక చిక్కు ఉంది. ఆదివారం పొద్దున్న క్రికెట్‌లో వేగంగా బంతులు వేసి, సాయంత్రం మన దగ్గరికి వస్తాడు. ఆ సంగతి వాడు చెప్పడు. మీరే అడగాలి. “పొద్దున్న ఎన్ని ఓవర్లు వేశావు నాన్నా?” అని అడిగి, వేసి ఉంటే ఆ రోజు పిచ్చర్‌గా వద్దు, షార్ట్‌స్టాప్‌గా కూడా వద్దు, అక్కడా విసరడం ఎక్కువే. మోచేయి లోపలి వైపు నొప్పి అంటే ఆ రోజుకు బంతి ముట్టనివ్వకండి. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. ఓర్చుకోమని చెప్పకండి, చేతులెత్తి దండం పెడుతున్నాను.

ఎండాకాలంలో పొద్దున్న ఆరు గంటలకు మొదలుపెట్టి ఏడున్నరకు ముగించండి. మన గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పావుగంటకోసారి నీళ్లు తాగించండి, దాహం వేసేదాకా ఆగకండి. ఉప్పు వేసిన మజ్జిగ ఒక బిందెడు తెస్తే ఇంకా మంచిది.

చివరి వరసలో ఒక అమ్మగారు ఇందాక చీటీ పంపారు. చదువుతాను. “మా అబ్బాయిని రెండు నెలలుగా బయటే నిలబెడుతున్నారు. వాడికి చేతకాదనా?” అమ్మా, మీరు రాసినందుకు సంతోషం. మీ అబ్బాయి కోచ్ గారు కూడా ఈ గదిలోనే ఉన్నారనుకుంటాను, వారిని నేను పేరు పెట్టి అడగను. రెండు నెలల్లో మీ అబ్బాయికి ఎన్ని నేలబంతులు వచ్చాయో వారి నోటుపుస్తకంలో ఉండాలి. ఉంటే మీకు జవాబు దొరుకుతుంది. లేకపోతే జవాబు ఇంకా ఎవరికీ తెలియదు. మీ అబ్బాయికి కూడా.

ఎండ తగ్గింది. బయట మైదానంలో టేపు, సున్నం, ఇరవై టెన్నిస్ బంతులు పెట్టించాను. పిల్లలు కూడా వచ్చి కూర్చున్నారు. కోచ్‌లందరూ చెప్పులు మార్చుకుని రండి, ముందు మీరే జంటలుగా నిలబడి దొర్లించుకోవాలి, మోకాళ్లు వంచి. మిగిలిన ప్రశ్నలు అక్కడే అడగండి. ఆ అమ్మగారి అబ్బాయి వచ్చి ఉంటే, మొదటి జంటలో వాణ్ణి నా ఎదురుగా నిలబెట్టండి.